హదీసు విద్యార్థి – అంతర్జాలంలో వెదుకులాట, విచారణ

రమజాను నెల ఇంకా కొన్ని వారాలు ఉన్నదనగానే ఏటేటా ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఆ నెల రాకను ఇతరులకు మొట్టమొదట తెలియజేసిన వ్యక్తికి నరకాగ్ని నుండి విముక్తి కలుగుతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు అందులో ఉంటుంది. పైన నెలవంక బొమ్మ, క్రింద తేదీ, ఆ క్రింద అందరికీ పంపవలసిందన్న మనవి. ఉర్దూలో ఉన్నది తెలుగులోకి, తెలుగులో ఉన్నది ఇంగ్లీషులోకి మారుతూ పోతుంది. అక్షరం రాని ముసలమ్మ పుణ్యం వస్తుందని మనవడి చేత పంపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. దౌరె హదీసు ముగించిన విద్యార్థి, విశ్వవిద్యాలయంలో ఇస్లామీయ అధ్యయనాలు చదువుతున్న విద్యార్థిని సైతం అదే సందేశాన్ని పంపుతున్నారంటే మాత్రం ఆలోచించవలసి ఉన్నది. ఎందుకంటే హదీసు గ్రంథాలలో ఈ మాటకు ఆధారమే లేదు. సనదు, అనగా ఉల్లేఖకుల పరంపర, బలహీనమని కాదు. అసలు సనదే లేదు. దైవప్రవక్త (స) పేరిట బుద్ధిపూర్వకంగా అబద్ధమాడేవాడు నరకంలో తన చోటు సిద్ధం చేసుకోవలసిందేనన్న హెచ్చరిక ముతవాతిర్ శ్రేణికి చెందిన హదీసు. నరక విముక్తిని ఆశ చూపే సందేశం ఆ హెచ్చరిక దరిదాపులకే మనిషిని లాగుతున్నది.

నమ్మదగని వ్యక్తి వార్త తెచ్చినప్పుడు దాన్ని విచారించి తెలుసుకోవాలని, లేనిచో తెలియక జనానికి కీడు చేసి పిదప విచారించవలసి వస్తుందని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు విశ్వాసులను హెచ్చరిస్తున్నది. ఈ ఆయతును ప్రతి మద్రసాలోను బోధిస్తారు. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న భావం గల హదీసు సహీహ్ ముస్లిం ఉపోద్ఘాతంలో ఉన్నది, దానినీ బోధిస్తారు. అయినా తరగతిలో చదివిన సూత్రం ఫోను చేతికి రాగానే పనిచేయడం లేదు. కారణం దూరాన లేదు. హదీసు శాస్త్రాన్ని హిజ్రీ రెండవ, మూడవ శతాబ్దాల వ్యక్తుల చరిత్రగా మాత్రమే విద్యార్థి చదువుతున్నాడు. 'మజ్‌హూల్' అంటే ఎవరో తెలియని ఉల్లేఖకుడని నిర్వచనం తడుముకోకుండా అప్పజెబుతాడు. నిన్న రాత్రి తన ఫోనుకు వచ్చిన సందేశం మజ్‌హూల్ నుండి వచ్చినదేనన్న ఆలోచన అతనికి తట్టదు.

దీనికి కొన్ని మద్రసాలు కనిపెట్టిన ఉపాయం ఫోనును గేటు దగ్గరే తీసి పెట్టుకోవడం. చదువు మీద మనసు నిలవడానికి అది మంచిదే కావచ్చు. కాని విద్యార్థి సెలవులకు ఇంటికి వెళ్ళిన నాడు ఫోను మళ్ళీ చేతికి వస్తుంది, ఇమామై మిహ్రాబులో నిలబడిన నాడు ఊరి వారంతా తమ ఫోన్లు తెచ్చి అతనికే చూపుతారు. విశ్వవిద్యాలయాల లోపం ఇంకొక విధమైనది. నేటి పిల్లలకు వెదకడం పుట్టుకతోనే వస్తుందని అక్కడ అనుకుంటారు. వేళ్ళ చురుకుదనం వేరు, విచారణ వేరు.

పేజీని వదలి బయటికి

పూర్వం జనం సనదును అడిగేవారు కారని, కల్లోలం చెలరేగిన తరువాతనే మీకు చెప్పినవారి పేర్లు చెప్పండని అడగడం మొదలైందని ఇమామ్ ఇబ్నె సీరీన్ (రహ్మ) (మరణం హిజ్రీ 110, క్రీ.శ. 729) చెప్పినట్లు సహీహ్ ముస్లిం ఉపోద్ఘాతం తెలుపుతున్నది. చెప్పేవాడు వినేవాడికి ముఖపరిచయం ఉన్నంతకాలం ఆ ప్రశ్న అవసరం రాలేదు. మాట ఊరు దాటి, ముఠాల చేతుల్లో పడి, ఎవరిదో తెలియని స్థితి వచ్చినప్పుడు ప్రశ్న పుట్టింది. నేటి స్థితి అదే.

ఈ ప్రశ్నకు హదీసు విమర్శకులు జవాబు వెదకిన తీరులో విద్యార్థి గ్రహించవలసిన ముఖ్యాంశం ఒకటున్నది. ఒక ఉల్లేఖకుడు నమ్మదగినవాడా కాదా అన్నది వారు ఆ ఉల్లేఖకుణ్ణే అడిగి తేల్చుకోలేదు. అతని వేషం, వాక్చాతుర్యం, ఏడుస్తూ చెప్పిన ఉపదేశం, ఇవేవీ సాక్ష్యం కాలేదు. అతన్ని వదలి బయటికి వెళ్ళారు. అతని ఊరివారిని, సహాధ్యాయులను విచారించారు. అతను చెప్పినదాన్ని ఇతరులు చెప్పినదానితో పోల్చారు. యహ్యా ఇబ్నె మయీన్ (రహ్మ) (మరణం హిజ్రీ 233, క్రీ.శ. 848) గురించి ఇబ్నె హిబ్బాన్ (రహ్మ) ఒక సంగతి నమోదు చేశారు. హమ్మాద్ బిన్ సలమా గ్రంథాలను ఆయన శిష్యులు పదిహేడుగురి వద్ద వ్రాసుకున్న తరువాత కూడా ఇబ్నె మయీన్ పద్దెనిమిదవ శిష్యుని వద్దకు వెళ్ళారు. ఇంతమంది ఎందుకని అడిగితే ఆయన ఇచ్చిన వివరణ ఇది: శిష్యులందరి ప్రతులలోను ఒకే పొరపాటు ఉంటే అది గురువుది, ఒక్కని ప్రతిలోనే ఉంటే అది ఆ శిష్యునిది. పొరపాటు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి నేటికీ లేదు.

ఇటీవలి కాలంలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు జరిపిన ఒక అధ్యయనం దాదాపు ఇక్కడికే వచ్చి చేరింది. 2019లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో పదిమంది చరిత్ర ఆచార్యులకు, పదిమంది వార్తల నిజనిర్ధారకులకు, ఇరవైఅయిదుగురు విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపి ఏది నమ్మదగినదో తేల్చమన్నారు. విద్యార్థులే కాదు, ఆచార్యులలో కూడా అనేకులు పేజీ అందం, సంస్థ పేరులోని గాంభీర్యం, చివరనున్న ఆధారాల పట్టిక చూసి మోసపోయారు. నిజనిర్ధారకులు ఆ పేజీని ఎక్కువసేపు చదవనే లేదు. వెంటనే దాన్ని వదలి, ఆ సంస్థను గురించి ఇతరులు ఏమంటున్నారో వేరే పేజీలు తెరచి చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. ఆధునిక విద్యావేత్తలు దీనికి కొత్త పేరు పెట్టి పాఠశాలలకు సిఫారసు చేస్తున్నారు. జర్హ్ వ తాదీల్ చదువుకున్న విద్యార్థికి ఇది కొత్త విద్య కానక్కరలేదు. పేజీ తన్ను గురించి తానే సాక్ష్యం చెప్పుకోలేదన్న ఒక్క విషయాన్ని అతనికి గుర్తు చేస్తే చాలు.

పోలికకు హద్దు కూడా ఉన్నది. సనదులో ప్రతి మెట్టు మీదా ఒక పేరున్న మనిషి నిలబడి ఉంటాడు. ఫోనులోని సందేశానికి పంపినవాడి పేరుంటుంది గాని వ్రాసినవాడి పేరుండదు. కనుక 'నాకు మా మామగారు పంపారు, ఆయన నమాజు తప్పరు' అన్నది ఆధారం కాదు. మామగారి ధర్మనిష్ఠ ఆయనకు ముందున్న మెట్లను పూడ్చదు. అట్లే వంద వెబ్‌సైట్లలో కనిపించినదని ఒక మాటను ముతవాతిర్ స్థాయికి ఎత్తడం సరికాదు. తవాతుర్‌కు ప్రతి తరంలోను అనేకులు, ఒకరితో ఒకరు కూడబలుక్కోవడానికి వీలులేని విధంగా, వేర్వేరుగా చెప్పి ఉండాలి. వంద వెబ్‌సైట్లు ఒకే చోటి నుండి అక్షరదోషాలతో సహా ఎత్తి వ్రాసుకున్నవైతే అవి వంద సాక్ష్యాలు కావు, ఒక్కటే. నిజానికి ఉమ్మడి అక్షరదోషమే విద్యార్థికి చక్కని ఆనవాలు. ఇబ్నె మయీన్ చెప్పిన సూత్రం అక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

చైనా మాట

ఒక ఉదాహరణను మొదటి నుండి చివరి వరకు నడిపించి చూపడం పది సూత్రాలు చెప్పడం కంటె మేలు. విద్య కోసం చైనా దాకా వెళ్ళమన్న మాట తెలుగునాట ఎరుగని వారు లేరు. పాఠశాల గోడల మీద, సీరతు సభల ఉపన్యాసాలలో, ముస్లిమేతర మిత్రులు మంచి మనసుతో వ్రాసే వ్యాసాలలో అది హదీసుగా కనిపిస్తుంది. విద్యార్థి దాన్ని తెలుగులో వెదికితే పేజీలకు పేజీలు వస్తాయి, గ్రంథం పేరు మాత్రం చాలాచోట్ల ఉండదు. ఉన్నచోట 'ఇబ్నె మాజా' అని ఉండడమూ కద్దు.

ఇబ్నె మాజా తెరచి చూస్తే చైనా ప్రసక్తి లేదు. అక్కడున్నది 224వ హదీసు, విద్యార్జన ప్రతి ముస్లింకు విధి అన్న భావం గలది. మరి ఈ పొరపాటు ఎట్లా వచ్చింది? ఇమామ్ బైహఖీ (రహ్మ) (మరణం హిజ్రీ 458, క్రీ.శ. 1066) తమ షుఅబుల్ ఈమాన్‌లో ఉల్లేఖించిన పాఠంలో ఈ రెండు మాటలూ కలిసి ఉన్నాయి: ముందు చైనా, ఆ వెంటనే విధి. రెండవ సగం ఇబ్నె మాజాలో దొరికేసరికి మొత్తానికి ఆ ముద్ర వేశారు. సగం దొరికితే అంతా దొరికినట్లు భావించడం అంతర్జాలంలో వెదికే విద్యార్థులు చేసే పొరపాట్లలో ముఖ్యమైనది.

ఇక చైనా మాటకున్న సనదును పరిశీలిస్తే హజ్రత్ అనస్ (రజి) నుండి దాన్ని చెప్పినవాడు అబూ ఆతికా. అతన్ని ఇమామ్ బుఖారీ (రహ్మ) 'మున్‌కరుల్ హదీస్' అన్నారు. బుఖారీ వాడుకలో అది తీవ్రమైన ఖండన. బైహఖీ స్వయంగా ఈ మాట ప్రసిద్ధమే గాని సనదు బలహీనమని తెలిపారు. ఇబ్నుల్ జౌజీ (రహ్మ) (మరణం హిజ్రీ 597, క్రీ.శ. 1201) దీన్ని కల్పిత హదీసుల గ్రంథంలో చేర్చారు. జనం నోళ్ళలో నానుతున్న మాటలను విచారించడానికే ఇమామ్ సఖావీ (రహ్మ) (మరణం హిజ్రీ 902, క్రీ.శ. 1497) అల్ మఖాసిదుల్ హసనా వ్రాశారు; ఇదీ అందులో ఉన్నది. ప్రచారమే ప్రమాణం కాదని అయిదు వందల సంవత్సరాల క్రితమే ప్రత్యేక గ్రంథం వెలువడినదంటే నేటి రోగం మరీ కొత్తది కాదు.

కథ ఇక్కడితో ఆగితే విద్యార్థికి సగం పాఠమే అందుతుంది. రెండవ సగం, అనగా విద్య విధి అన్న మాటకు ఇబ్నె మాజా సనదులో ఉన్న వ్యక్తి హఫ్స్ బిన్ సులైమాన్ (మరణం హిజ్రీ 180, క్రీ.శ. 796). ఇతడెవరు? నేడు ప్రపంచంలో అత్యధిక ముస్లిములు ఖుర్ఆన్ పఠించే పఠనరీతి ఎవరి పేరు మీద ఉన్నదో ఆ హఫ్సే. ఖిరాఅత్‌లో ఇమాము, హదీసులో మాత్రం 'మత్రూక్', విడిచిపెట్టవలసినవాడు. ఇబ్నె హజర్ (రహ్మ) తఖ్రీబుత్తహ్‌జీబ్‌లో ఈ రెండు విషయాలనూ ఒక్క వాక్యంలోనే ఇమిడ్చారు. ఒక రంగంలో అగ్రగణ్యుడైనవాడు మరొక రంగంలో నమ్మదగనివాడు కావచ్చునన్నది ఎంత నిష్పక్షపాతమైన తీర్పు! వైద్యంలో పేరున్న డాక్టరు చరిత్రను గురించి మాట్లాడే వీడియో, మంచి ఖారీ ఆర్థిక విషయాలను గురించి ఇచ్చే సలహా, ఇవి చూసినప్పుడు విద్యార్థికి హఫ్స్ గుర్తు రావాలి. అయితే ఈ సనదు పడిపోయినంత మాత్రాన విద్య విధి అన్న మాట పడిపోలేదు. అది అనేక ఇతర మార్గాలలో వచ్చింది. ఆ మార్గాలన్నీ కలిసి హసన్ స్థాయికి చేరుతాయని హాఫిజ్ మిజ్జీ (రహ్మ) అభిప్రాయపడినట్లు ఉన్నది. కనుక ఒకే వాక్యంగా చెలామణి అవుతున్న దానిలో ఒక సగం విషయమై ఒక తీర్పు, మరొక సగం విషయమై మరొక తీర్పు.

చైనా వెళ్ళమనడంలో తప్పేమున్నది, మంచి మాటే గదా అని కొందరంటారు. మంచి మాటే. మంచి మాటలన్నీ దైవప్రవక్త (స) చెప్పినవి కావు. ఖుర్ఆన్ వైపు జనాన్ని మళ్ళించాలన్న సదుద్దేశంతోనే నూహ్ బిన్ అబీ మర్యమ్ సూరాల ఘనతలను గురించి హదీసులు కల్పించాడని హదీసు శాస్త్ర గ్రంథాలు పేరు పెట్టి చెబుతున్నాయి. రమజాను సందేశాన్ని వ్రాసిన అజ్ఞాత వ్యక్తి ఉద్దేశం కూడా బహుశా చెడ్డది కాదు.

వెదకడంలో మెళకువలు

మూలాన్ని చేరుకునే ఈ విద్యకు తఖ్రీజ్ అని పేరు. మహ్మూద్ తహ్హాన్ 1978లో ప్రచురించిన ఉసూలుత్తఖ్రీజ్‌లో ఇందుకు అయిదు మార్గాలు చెప్పారు: ఉల్లేఖించిన సహాబీ పేరును బట్టి, హదీసు మొదటి మాటను బట్టి, అందులోని అరుదైన పదాన్ని బట్టి, విషయాన్ని బట్టి, సనదులోనో మూలపాఠంలోనో ఉన్న ప్రత్యేక లక్షణాన్ని బట్టి. పూర్వం అరుదైన పదాన్ని పట్టుకోవడానికి లైడెన్‌లో 1936 నుండి 1988 వరకు ఎనిమిది సంపుటాలుగా వెలువడిన వెన్సింక్ పదసూచికను తిరగవేయవలసి వచ్చేది. ఇప్పుడు అల్ మక్తబతుష్షామిలా అన్న గ్రంథ సంచయంలోనో, సున్నహ్ డాట్ కామ్, అద్దురర్ అస్సనియ్య వంటి వెబ్‌సైట్లలోనో క్షణంలో దొరుకుతున్నది. కాని మార్గాలు అవే. విద్యార్థి సాధారణంగా మొత్తం వాక్యాన్ని ఎక్కిస్తాడు, ఏమీ రాకపోతే లేదంటాడు. హదీసులు భావాన్ని బట్టి కూడా ఉల్లేఖింపబడ్డాయి. ఒక పుస్తకంలోని మాట మరొక దానిలో మారి ఉండవచ్చు. వాక్యాన్ని వదలి అందులో మారడానికి వీలులేని ఒక్క పదాన్ని ఏరుకోవాలి. చైనా మాటలో ఆ పదం 'సీన్' అన్నది. 'ఇల్మ్' అని వెదికితే వేలకొద్దీ వస్తాయి.

లిపి విషయంలో ఒక చిక్కున్నది. దీన్ని ఉపాధ్యాయులు కూడా తరచు గమనించరు. ఉర్దూ కీబోర్డులోని 'యే', 'కాఫ్' అక్షరాలు, అరబీ కీబోర్డులోని అవే అక్షరాలు కంటికి దాదాపు ఒకటే గాని యంత్రానికి వేర్వేరు. ఉర్దూ అలవాటున్న మన పిల్లవాడు ఫోనులో ఉర్దూ కీబోర్డుతో అరబీ మాటను కొడితే, ఆ తేడాను సర్దుకోలేని వెబ్‌సైటు ఏమీ లేదని చెబుతుంది. పిల్లవాడు ఆ హదీసే లేదని నమ్ముతాడు. అలిఫ్ మీది హమ్‌జా, చివరి గుండ్రని 'తే' కూడా ఇట్టి ఇబ్బందే తెస్తాయి. తెలుగులోనైతే హదీసు, హదీస్, హదీథ్ అని మూడు విధాలు. ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్ అని ఇంకొన్ని. ఒక రూపంతో వెదికి ఆగిపోరాదు. పైగా పాత తెలుగు పుస్తకాలు అనేకం యూనికోడ్ రాకముందటి అక్షరాలతో కూర్చినవి. వాటి ప్రతులు అంతర్జాలంలో ఉన్నా అందులోని మాటలు వెదుకులాటకు అందవు. దొరకలేదు అంటే లేదు అని కాదు.

అయితే లేకపోవడానికి అర్థమున్న చోటు కూడా ఒకటున్నది. హదీసులన్నీ సంకలనాలలోకి ఎక్కిన తరువాత, ఎవరి సంకలనంలోనూ లేని హదీసును ఈనాడు ఎవరైనా తెస్తే అది స్వీకరించదగినది కాదని బైహఖీ అభిప్రాయం. ఇబ్నుస్సలాహ్ (రహ్మ) దాన్ని తమ గ్రంథంలో పేర్కొన్నారు. కనుక అరబీలో, సరైన పదాలతో, పెద్ద సంచయాలన్నిటిలో వెదికినా రమజాను సందేశం దొరకకపోవడం ఊరక దొరకకపోవడం కాదు. తెలుగులో ఒకసారి వెదికి దొరకలేదనడానికి, దీనికి ఉన్న తేడాను విద్యార్థి చేత చేయించి చూపాలి.

సంఖ్యల సంగతి చూద్దాం. సహీహ్ ముస్లిం హదీసులు ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ లెక్కలో 3033. పునరుక్తులను కూడా విడిగా లెక్కించే ముద్రణలలో ఏడు వేలు దాటుతాయి. ముద్రణ పేరు లేకుండా సంఖ్య మాత్రం ఇవ్వడం వీధి పేరు లేని ఇంటి నంబరు వంటిది. షామిలాలో పుస్తకం పేజీ సంఖ్యలు అచ్చు ప్రతితో సరిపోతాయో లేదో మొదటనే తెలిపి ఉంటుంది. దాన్ని చూసేవారు అరుదు.

హదీసు పక్కన 'సహీహ్' అని ఆకుపచ్చ ముద్ర కనబడగానే తృప్తిపడడం మరొక బలహీనత. అది ఎవరి తీర్పు? తిర్మిజీదా, హాకిందా, అల్బానీదా? హాకిం సహీహ్ అన్న దానిని జహబీ కాదన్న సందర్భాలు అనేకం. తీర్పుకు పేరు లేకపోతే అది తీర్పు కాదు, బొమ్మ. దీనికి పూర్వోదాహరణ కూడా ఉన్నది. ఇమామ్ సుయూతీ (రహ్మ) (మరణం హిజ్రీ 911, క్రీ.శ. 1505) అల్ జామిఉస్సగీర్‌లో ప్రతి హదీసు చివర సహీహ్, హసన్, జయీఫ్‌లకు ఒక్కొక్క అక్షరాన్ని గుర్తుగా పెట్టారు. ప్రతులు వ్రాసేవారి చేతుల్లో ఆ ఒంటి అక్షరాలు తారుమారయ్యాయి. ఆ గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాసిన మునావీ (రహ్మ) (మరణం హిజ్రీ 1031, క్రీ.శ. 1622) వాటిని నమ్ముకోరాదని హెచ్చరించవలసి వచ్చింది. గుర్తు ఎంత చిన్నదైతే చెడిపోవడం అంత సులభం.

మాట్లాడే యంత్రం

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుండి విద్యార్థి వెదకడమే మానివేసి అడగడం మొదలుపెట్టాడు. ఈ యంత్రాలు మాట వెంట ఏ మాట రావచ్చునో అంచనా కట్టి వాక్యం అల్లుతాయి. అందుచేత గ్రంథం పేరు, అధ్యాయం, సంఖ్య అన్నీ పెట్టి, ఆ గ్రంథంలో లేని హదీసును చక్కని భాషలో చెప్పగలవు. అబద్ధమాడాలన్న ఉద్దేశం వాటికి లేదు, నిజం చెప్పాలన్న నిష్ఠా లేదు. రిజాలు గ్రంథాలలో ఇటువంటి ఉల్లేఖకునికి సరిపడే తరగతి వెదకడం కష్టమే.

పరీక్షించే సాధనం మాత్రం ఆ గ్రంథాలలోనే ఉన్నది. దాని పేరు తల్ఖీన్. ఉల్లేఖకుని జ్ఞాపకశక్తిని శంకించినప్పుడు విమర్శకులు అతనిది కాని హదీసును అతనిదే అన్నట్లు అందించి చూసేవారు. ఔనని తలూపి చెప్పుకుపోతే అతని మాటకు విలువ పోయేది. బాగ్దాదులో పదిమంది తలా పది చొప్పున నూరు హదీసుల సనదులను తారుమారు చేసి ఇమామ్ బుఖారీ ముందుంచగా, ఆయన ఒక్కొక్కదాన్ని తెలియదని త్రోసిపుచ్చి, ఆ పిదప నూరింటినీ సరిచేసి చెప్పిన వృత్తాంతం ప్రసిద్ధం. తరగతిలో ఇదే చేయించవచ్చు. రమజాను సందేశాన్ని తీసుకుని, ఇది తిర్మిజీలో ఏ అధ్యాయంలో ఉన్నదని యంత్రాన్ని అడగమనాలి. లేదని చెబితే సరే. మాట మార్చి మరొకసారి, ఇంకొక యంత్రాన్ని అడగాలి. ఎక్కడైనా అది అధ్యాయం, సంఖ్య చెప్పిందా, విద్యార్థి తిర్మిజీ తెరచి తన కంటితో చూడాలి. ఉపాధ్యాయుడు గంటసేపు ఉపన్యసించినా కలగని జాగరూకత ఆ ఒక్క చూపుతో కలుగుతుంది. యంత్రాన్ని బొత్తిగా వాడవద్దనడం ఆచరణలో నిలవదు. పదాలకు పర్యాయాలు చెప్పించుకోవడానికి, ఏ గ్రంథాలు చూడాలో సూచన తీసుకోవడానికి అది పనికివస్తుంది. సాక్షిగా మాత్రం పనికిరాదు.

శిక్షణలో ఉపాధ్యాయులు తీర్పుకు గాక దారికి మార్కులు వేయడం మంచిది. ఏ మాటలతో వెదికాడు, ఏమి దొరికింది, అక్కడి నుండి ఎటు వెళ్ళాడు, ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు, ఇవన్నీ విద్యార్థి నోటు పుస్తకంలో వ్రాయాలి. 'నేను తేల్చలేకపోయాను' అని కారణంతో వ్రాసినవాడికి, ఎక్కడినుంచో తీర్పు ఎత్తి వ్రాసినవాడి కంటె ఎక్కువ మార్కులు రావాలి. ఇది లేకపోతే మరొక ప్రమాదం పొంచి ఉన్నది. నాలుగు వెబ్‌సైట్లు తిరగేసిన కుర్రవాడు జుమా అనంతరం పెద్దవయసు ఖతీబును నిలబెట్టి మీరు చెప్పినది జయీఫ్ అని అందరిలో అనడం, మసీదు రెండు వర్గాలు కావడం. జయీఫ్‌కు, మౌజూకు, అనగా కల్పితానికి, తేడా ఉన్నది. ఒక సనదు బలహీనమైతే ఆ భావం మరొక సనదుతో నిలబడవచ్చునని విద్య విధి అన్న హదీసులో చూశాం. ఘనతలు, ప్రోత్సాహాల విషయంలో తీవ్రంగా బలహీనం కాని హదీసును కొన్ని షరతులతో అనేక పండితులు అంగీకరించారు. ఇబ్నె హజర్ ఆ షరతులు వివరించారు. తెలిసిన విషయాన్ని పెద్దలకు ఏకాంతంలో, పుస్తకం చేతబట్టుకుని, ప్రశ్నగా అడగడం కూడా ఈ శిక్షణలో భాగమే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఉల్లేఖకుల తప్పొప్పులు తేల్చే ఏ గ్రంథాలను నేటి వెబ్‌సైట్లు తమ సంచయాలలో నింపుకున్నాయో వాటిలో అనేకం తొలుత అచ్చయింది హైదరాబాదులో. 1888లో నెలకొన్న దాయిరతుల్ మఆరిఫ్ ఇబ్నె హజర్ తహ్‌జీబుత్తహ్‌జీబ్‌ను హిజ్రీ 1325–1327 నడుమ పన్నెండు సంపుటాలలో వెలువరించింది. బుఖారీ అత్తారీఖుల్ కబీర్, ఇబ్నె అబీ హాతిం అల్ జర్హ్ వత్తాదీల్ కూడా అక్కడివే. యెమెన్ నుండి వచ్చిన అబ్దుర్రహ్మాన్ అల్ ముఅల్లిమీ సుమారు పాతికేళ్ళు అక్కడ కూర్చుని వ్రాతప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి ఈ గ్రంథాలు పరిష్కరించారు. హైదరాబాదులోనే 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, డమాస్కస్ వ్రాతప్రతులు పోల్చి 1953లో ప్రకటించారు. దానిని ముస్నద్ అహ్మద్‌లోని పాఠంతో సరిపోల్చినప్పుడు శతాబ్దాల దూరం ఉన్నా పాఠం దాదాపు చెక్కుచెదరలేదని తేలింది. నేడు చదువుతున్న విద్యార్థులలో ఎంతమందికి ఈ సంగతులు తెలుసు?

తెలుగు పాఠకునికి, విద్యార్థికి మధ్య మరొక అడ్డుగోడ ఉన్నది. దాన్ని కట్టినది అంతర్జాలం కాదు. చాలా తెలుగు పుస్తకాలలో హదీసు క్రింద 'బుఖారీ' అనో 'ముస్లిం' అనో ఒక్క మాట ఉంటుంది. ఏ అధ్యాయం, ఏ సంఖ్య, ఎవరి ముద్రణ అన్నది ఉండదు. కొన్నిటిలో ఆ ఒక్క మాట కూడా ఉండదు. ఉర్దూ నుండి తెలుగు చేసిన చోట, ఉర్దూ రచయిత భావాన్ని సంగ్రహించి వ్రాసిన వాక్యమే హదీసు పాఠంగా తెలుగులోకి దిగుతుంది. దాన్ని అరబీలో వెదకబోయిన విద్యార్థికి చుక్కలు కనిపిస్తాయి. అనువాదకులు హదీసు సంఖ్య, ముద్రణ పేరు, అరబీ మూలంలోని మొదటి నాలుగు మాటలను తెలుగు లిపిలో ఇచ్చినట్లయితే కర్నూలులోనో గుంటూరులోనో ఉన్న విద్యార్థి అయిదు నిమిషాలలో మూలాన్ని చేరగలడు. పేజీకి రెండు పంక్తులు ఎక్కువ పడతాయి.